మూడంతస్తుల ఇంట్లో ఆగని వైఫై: సింగ్‌నగర్ ఇంటి అనుభవం

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో జీ ప్లస్ టూ ఇల్లు. కింద పార్కింగ్, ఓ చిన్న అద్దె పోర్షన్. మొదటి అంతస్తులో పెద్దవాళ్లు, రెండో అంతస్తులో ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునేవాళ్లు. బయటి గోడలు తొమ్మిదంగుళాలు, లోపలివి నాలుగున్నర. ఫైబర్ కనెక్షన్ 200 ఎంబీపీఎస్. కేబుల్ ఆపరేటర్ మనిషి ప్లగ్ పాయింట్ ఎక్కడ దొరికితే అక్కడ, అంటే మొదటి అంతస్తు హాల్లో టీవీ వెనకాల, ఓఎన్‌టీ బాక్సు (ఫైబర్‌లో వచ్చే వెలుగును నెట్‌గా మార్చేది) బిగించి వెళ్లిపోయాడు. దాన్లోని వైఫైతోనే ఇల్లంతా నెట్టుకొస్తున్నారు. పైన వీడియో కాల్‌లో మాట మింగేస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు నెట్ ఉండదు. వంటగదిలో ఫోన్ మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు.

ఇలాంటప్పుడు చాలామంది ముందు కొత్త రౌటర్ కొంటారు. నేను ముందు చేసేది, తప్పు లైన్లో ఉందా వైఫైలో ఉందా తేల్చుకోవడం. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా ఓఎన్‌టీకి పెట్టి స్పీడ్ టెస్ట్ చేస్తే 190 పైన వచ్చింది. తర్వాత కేబుల్ తీసేసి, వైఫై మీద ల్యాప్‌టాప్ తెరపై రెండు విండోల్లో రెండు పింగ్‌లు (అవతలి యంత్రం ఎంతసేపట్లో బదులిస్తుందో చూసే పరీక్ష) నడిపాను: ఒకటి ఇంట్లోని బాక్సుకు, 192.168.1.1కి. రెండోది బయటికి, 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కి. బాక్సుకు వెళ్లే పింగే రెండు మిల్లీసెకన్ల నుంచి రెండొందలకు ఎగురుతుంటే జబ్బు వైఫైది. బాక్సు పింగ్ నిలకడగా ఉండి బయటి పింగ్ మాత్రమే తప్పుతుంటే జబ్బు లైనుది, అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా ఒరిగేదేం లేదు. ఇక్కడ జబ్బు ప్రధానంగా వైఫైదే.

అయినా ఓఎన్‌టీ పేజీలోకి వెళ్లి ఆప్టికల్ రిసీవ్ పవర్ చూడాలి. మామూలు జీపాన్ (ఫైబర్‌ను ఇంటిదాకా తెచ్చే పద్ధతి) బాక్సుకు అది మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉంటే పనిచేస్తుంది. డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. మైనస్ 27 అంచుకు దగ్గరగా ఉంటే మాత్రం అప్పుడప్పుడు ఎర్ర లైటు వెలిగి లైను పోతుంది. ఇక్కడ మైనస్ 25 చూపించింది. టీవీ వెనక మిగిలిన ఫైబర్‌ను బిగుతుగా చుట్టి ప్లాస్టిక్ టై వేసి ఉంచారు. టై కోసేసి అరచేయంత వెడల్పు చుట్టగా వదులు చేస్తే మైనస్ 21కి వచ్చింది. గాజు పోగు గట్టిగా వంగినచోట వెలుగు బయటికి కారిపోతుంది, అంతే సంగతి. ఇంకో రెండు జాగ్రత్తలు. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దానికి జత చేయకూడదు, వాటి మొనలు వేరువేరు కోణాల్లో చెక్కి ఉంటాయి. ఊడదీసిన ఫైబర్ మొనలోకి కన్ను పెట్టి చూడకూడదు, అందులోంచి వచ్చే కాంతి కంటికి కనపడదు గానీ హాని చేయొచ్చు.

తర్వాత ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగాను. గీతలను నమ్మకూడదు, డీబీఎం అంకె చూడాలి. మైనస్ 50 దగ్గర ఉంటే దివ్యంగా ఉన్నట్టు. వీడియో కాల్ నిలకడగా నడవాలంటే మైనస్ 67 కన్నా పడిపోకూడదు. మైనస్ 75 దాటాక నెట్ ఉన్నట్టే ఉంటుంది, పని జరగదు. వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు. హాల్లో 5 గిగాహెర్ట్జ్ మైనస్ 42. వంటగదిలో మైనస్ 71. సరిగ్గా హాలు పైన ఉన్న గదిలో మైనస్ 74, ఆఫీసు పని చేసుకునే మూల గదిలో మైనస్ 83. స్లాబు మందపాటి కాంక్రీటు, అందులో అడుగడుగునా ఇనుప చువ్వల అల్లిక ఉంటుంది కాబట్టి, ఒక్క స్లాబు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్‌కు ఊపిరి పోతుంది. మధ్యలో ఇనుప బీరువాయో, నిలువుటద్దమో, ఫ్రిజ్జో ఉంటే చెప్పనక్కర్లేదు.

2.4 గిగాహెర్ట్జ్ గోడలను బాగానే దాటుతుంది. వంటగదిలో గీతలు నిండుగా కనపడింది దానివల్లే. కానీ ఇళ్లు ఆనుకుని ఉండే కాలనీలో ఆ బ్యాండు తిరునాళ్లలా ఉంటుంది. మన సిగ్నల్ గట్టిగానే వినిపిస్తుంది, వంతు మాత్రం రాదు. అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే: 1, 6, 11. పక్కింటి బాక్సు 3 మీదో 8 మీదో కూర్చుంటే అటూ ఇటూ రెండు చానళ్లనీ పాడుచేస్తుంది. ఆపరేటర్లు ఇచ్చే బాక్సుల్లో చాలావాటికి ఆటో చానల్ అని పెట్టి వదిలేస్తారు. అది బాక్సు మొదలైనప్పుడు ఒకసారి వెతుక్కుని, మళ్లీ కరెంటు పోయి వచ్చేదాకా అక్కడే ఉండిపోయే రకాలే ఎక్కువ.

ఇక ఏం కొనకూడదో తేలిపోయింది. గోడ ప్లగ్గులో పెట్టుకునే రిపీటర్ విన్నదాన్నే అదే గాలిలో మళ్లీ చెప్పాలి, కాబట్టి స్పీడు సగానికి పడిపోతుంది. పైగా దాన్ని సిగ్నల్ పాడైన చోటే పెడతారు, అక్కడ దానికే సరిగ్గా వినపడదు. ఆరు యాంటెనాల పెద్ద రౌటర్ కూడా దండగే. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, దానికి బదులు చెప్పాల్సిన ఫోన్ గొంతు చిన్నది. స్లాబులున్న ఇంటికి నా లెక్క ఒక్కటే: అంతస్తుకో చిన్న యూనిట్, వాటి మధ్య రాగి తీగ. మెష్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే యూనిట్లు) అని అమ్మే జతలు తెచ్చుకున్నా సరే, వాటిని కేబుల్‌తో కలిపితేనే ఆ ధరకు న్యాయం. అందుకే ఇక్కడ రెండు మామూలు వైఫై 6 డ్యూయల్ బ్యాండ్ రౌటర్లు తీసుకుని, ఒకదాన్ని రౌటర్‌గా, రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇవ్వడం మాత్రమే దాని పని) పెట్టాం. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉన్నవే తీసుకోవాలి. చవక మోడళ్లలో డబ్బా మీద వైఫై స్పీడు పెద్ద అక్షరాలతో ఉంటుంది, లోపల పోర్టులు మాత్రం 100వే.

రౌటర్ ఎక్కడ పెట్టాలన్నది ఈ ఇంట్లో కాసేపు చర్చ అయింది. కింద మెట్ల కింద, మీటర్ బోర్డు పక్కన జాగా ఉంది, పైపులన్నీ అక్కడికే దిగుతాయి. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు నీళ్లలో ఉన్నాయి. అక్కడ ఏ ఎలక్ట్రానిక్ సామానూ పెట్టే మాటే లేదు. టెర్రస్ మీది మెట్ల గది కూడా వద్దన్నాను. ఇలాంటి రౌటర్లు, ఓఎన్‌టీలు ఎక్కువభాగం 40 డిగ్రీల వరకే అని కాగితం మీద రాసి ఉంటుంది. రోహిణీ కార్తెలో రేకుల గదిలో, అదీ మూసిన డబ్బాలో, ఆ అంకె పొద్దున పది గంటలకే దాటుతుంది. చివరికి మొదటి అంతస్తు మెట్ల గోడకు, తలకు కాస్త ఎత్తున ఖరారు చేశాం. ఇల్లు మధ్యలో పడుతుంది, వంటగదికి ఒక్క గోడే అడ్డం. ఆపరేటర్ చేత ఫైబర్‌ను అక్కడికి కొత్తగా లాగించాం. ఉన్న ముక్కకే మధ్యలో అతుకు వేస్తామంటే ఒప్పుకోకండి. కొత్త తీగకు అయ్యే ఖర్చు చిన్నది, అతుకు వల్ల వచ్చే తలనొప్పి ఏళ్ల తరబడి.

కేబుల్ విషయంలోనే అసలు మోసం ఉంది. గవర్నర్‌పేట షాపుల్లో క్యాట్ 6 (గిగాబిట్‌కు పనికొచ్చే ల్యాన్ కేబుల్ రకం) అని అడిగితే రెండు రకాలు తీస్తారు. ఒకటి పూర్తి రాగి. ఇంకోటి సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత, ధర చాలా తక్కువ. పైన తొడుగు మీద అచ్చు చూసి మోసపోవద్దు. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా. అది బిగించిన రోజు బాగానే పనిచేస్తుంది, తర్వాత జాక్ దగ్గర వదులై, ఎందుకో తెలియకుండా లైను పోతూ వస్తూ ఉంటుంది. ఇంటికి 305 మీటర్ల పెట్టె అక్కర్లేదు, విడిగా మీటర్ల లెక్కన ఇస్తారు. ఈ ఇంటికి అరవై మీటర్లు సరిపోయింది: రెండో అంతస్తుకు రెండు లైన్లు, హాల్లో టీవీకి ఒకటి, పార్కింగ్ కెమెరాకు ఒకటి. పైకి ఒకటి చాలు కదా అని ఇంటివాళ్లన్నారు. పైపు ఒకసారి తెరిచాక రెండోది వేయడానికి అదనపు కూలీ లేదు, ఒకటి పోతే మళ్లీ గోడ జోలికి వెళ్లాల్సిన పని ఉండదు.

గోడలు కొట్టలేదు. పాత డిష్ కేబుల్ కోసం టెర్రస్ నుంచి ప్రతి అంతస్తుకూ ఒక పైపు దిగి ఉంది, వాడకంలో లేదు. ఆ పాత కేబుల్‌నే లాగుడు తాడుగా వాడాం. దాని కొసకు రెండు క్యాట్ 6ల కొసలను ఒకదాని వెనక ఒకటి, రెండంగుళాల తేడాతో పెట్టి, బొద్దుగా కాకుండా ఇన్సులేషన్ టేపుతో సన్నగా చుట్టాలి. అన్నీ ఒకేచోట కడితే ముడి లావై మొదటి బెండు దగ్గరే ఇరుక్కుంటుంది. ఒకరు పైనుంచి అందిస్తుంటే ఇంకొకరు కింద నుంచి లాగాలి. బిగిస్తే బలం పెట్టకుండా కాస్త వెనక్కి తీసి, టాల్కం పౌడర్ పోసి మళ్లీ లాగాలి. క్యాట్ 6ను పది పదకొండు కేజీల బలానికి మించి లాగితే లోపలి జతల పురి సాగిపోతుంది, బయటికి ఏమీ కనపడదు. ఎలక్ట్రీషియన్ కరెంటు పైపులోనే వేసేద్దాం, ఖాళీ ఉందన్నాడు. అది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. స్పీడు సంగతి తర్వాత, 230 వోల్టుల తీగకు తొడుగు చెడితే ఆ కరెంటు రౌటర్‌కూ, దాన్ని ముట్టుకున్నవాళ్లకూ వస్తుంది.

కొసలకు నేరుగా ఆర్‌జే45 (ల్యాన్ కేబుల్ కొసకు ఉండే) ప్లగ్గులు కొట్టే అలవాటు మన దగ్గర ఎక్కువ. గోడలోని కేబుల్ గట్టి పోగులది, ఊగులాటను తట్టుకోదు. అందుకని గోడలో ఐఓ బాక్సు (ల్యాన్ సాకెట్ డబ్బా), అందులో కీస్టోన్ జాక్ (ప్లగ్గు దూరే సాకెట్), అక్కడి నుంచి రెడీమేడ్ ప్యాచ్ కార్డు (పొట్టి ల్యాన్ కేబుల్). రంగుల వరస రెండు కొసల్లోనూ టీ568బీ: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. మూడో పోగు తర్వాత ఆకుపచ్చ రాదు, నీలం వస్తుంది, తప్పులన్నీ అక్కడే. జాక్ మీద ఏ, బీ రెండు వరసల రంగులూ ముద్రించి ఉంటాయి, బీ వరసనే చూడాలి. తొడుగు తీసేటప్పుడు బ్లేడు లోపలి పోగులకు తగలకుండా చుట్టూ లేతగా గీసి, వంచి విడదీయాలి. జతల పురి విప్పేది అరంగుళం లోపే. అంతకన్నా విప్పితే ఒక జతలోంచి పక్క జతలోకి సిగ్నల్ దూరుతుంది. పోగులను జాక్ గాడిలోకి దించే పంచ్‌డౌన్ పనిముట్టు టక్కుమని కొట్టినప్పుడు మిగిలిన మొన తెగి పక్కకు పడాలి. పడకపోతే పోగు గాడిలో సరిగ్గా కూర్చోలేదని. పార్కింగ్ వైపు తప్ప ప్రతి బాక్సులోనూ ఒక అడుగు, రౌటర్ దగ్గర మూడడుగులు కేబుల్ మిగల్చాం.

చవక టెస్టర్‌తో ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లు వరసగా వెలిగితే సగం పరీక్ష అయినట్టు. అసలు పరీక్ష ల్యాప్‌టాప్ పెట్టి లింకు 1000 చూపిస్తుందా 100 చూపిస్తుందా అన్నది. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పోగులు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నీలం జతో గోధుమ జతో పట్టకపోతే నెట్ వస్తుంది, కానీ 100కు దిగిపోతుంది. ఎవరి ఇంట్లోనైనా 200 ప్లాన్ ఉండి స్పీడ్ టెస్ట్ సరిగ్గా 94 దగ్గర ఆగిపోతుంటే, కంపెనీని తిట్టేముందు ఆ రెండు జతలు చూసుకోండి.

ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైనును మాత్రమే దాటించేలా) పెట్టి, పీపీపీఓఈ (కంపెనీ లైన్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మన రౌటర్‌లో వేయడం మంచిది. రెండు బాక్సులూ రౌటర్లుగా ఉంటే అడ్రసులు రెండుసార్లు మారతాయి. గేమ్‌లు, ఆఫీసు వీపీఎన్‌లు కొన్ని దానికి మొరాయిస్తాయి. ఆపరేటర్ మనిషి "బ్రిడ్జ్ పెడితే తర్వాత ఏమైనా అయితే మాకు సంబంధం ఉండదు సార్" అంటాడు. గొడవ పడక్కర్లేదు, మూడు విషయాలు అడిగి రాసుకోవాలి: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (కంపెనీ తన లైన్లో నెట్‌కు కేటాయించిన దారి నంబరు). వీల్యాన్ వేయకపోతే రౌటర్ కనెక్టింగ్ అంటూనే ఉండిపోతుంది. పాత బాక్సు మ్యాక్ అడ్రసుకు (పరికరం గుర్తింపు నంబరుకు) లైను కట్టేసి ఉంటే దాన్ని విడిపించమనాలి. టీవీ సెట్‌టాప్ బాక్సు కూడా అదే ఓఎన్‌టీ నుంచి నడుస్తుంటే ఆ పోర్టు సెట్టింగు ముట్టుకోవద్దని ముందే చెప్పాలి. వాళ్లు ససేమిరా అంటే ఇంకో దారి ఉంది: ఓఎన్‌టీనే రౌటర్‌గా ఉంచి, దాని వైఫై ఆపేసి, మన రెండు యూనిట్లనూ యాక్సెస్ పాయింట్లుగా వాడుకోవడం. ఇదీ బాగానే నడుస్తుంది. రౌటర్‌లో వ్యాన్ అడ్రసు (కంపెనీ వైపు నుంచి వచ్చే అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే సీజీనాట్‌లో, అంటే చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రసు మీద, ఉన్నట్టు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్‌తో (బయటి నుంచి ఇంట్లోని పరికరానికి దారి తెరవడంతో) కుస్తీ పట్టడం వృథా, కెమెరాను దాని సొంత యాప్ ద్వారానే చూసుకోవాలి.

వైఫై సెట్టింగులు. రెండు యూనిట్లకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, చానళ్లు వేరు. మొదటి అంతస్తుకు 2.4లో 1, 5లో 36. పైదానికి 11, 149. వెడల్పు 2.4లో 20 మెగాహెర్ట్జే, 40 పెడితే పక్కవాళ్ల రొద కూడా మనకే. 5లో 80. నడిమి చానళ్లు, 52 నుంచి 144 దాకా, రాడార్లతో పంచుకోవాల్సినవి. రాడార్ అనుమానం రాగానే రౌటర్ ఆ చానల్ వదిలేయాలి, మళ్లీ మొదలెట్టేముందు కనీసం నిమిషం పాటు వినాలి. కొన్ని టీవీలకు ఆ చానళ్లు అసలు కనపడవు. వాటి జోలికి వెళ్లలేదు. 2.4 పవర్‌ను మీడియంకు తగ్గించాం. హై మీద ఉంటే పైకెక్కిన ఫోన్ కింది యూనిట్‌నే పట్టుకుని వేలాడుతుంది, పక్కనే మంచి సిగ్నల్ ఉన్నా మారదు. మారాలా వద్దా అన్నది ఫోన్ ఇష్టం, మనం చేయగలిగింది కింది సిగ్నల్‌ను దానికి బలహీనంగా కనిపించేలా చేయడమే.

స్మార్ట్ ప్లగ్గులు, చాలా కెమెరాలు 2.4 మాత్రమే ఎరుగుతాయి, కొత్త వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 అంటే కొన్నిటికి అర్థం కాదు. వాటికి 2.4లో మాత్రమే, పాత పద్ధతి డబ్ల్యూపీఏ2తో వేరే పేరు ఇచ్చాం. అద్దె పోర్షన్‌వాళ్లు అడిగితే ఇవ్వడానికి గెస్ట్ నెట్‌వర్క్. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్ నొక్కి కలిపే పద్ధతి) బంద్. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పు. టీవీకి కేబుల్ ఇచ్చేశాం, కదలని వస్తువుకు వైఫై దేనికి? దాని పోర్టు 100దే, అయినా 4కే సినిమాకు అది ఎక్కువే.

ఫోన్లు ఫొటోలు బ్యాకప్‌కు ఎక్కిస్తున్నప్పుడు కాల్ తడబడితే అది సిగ్నల్ లోపం కాదు, అప్‌లోడ్ క్యూ నిండిపోవడం. రౌటర్‌లో క్యూఓఎస్ (స్పీడును పంచే సెట్టింగు) పెట్టి రెండువైపులా 180కి కట్టడి చేస్తే క్యూ మన చేతిలో ఉంటుంది. ఇరవై ఎంబీపీఎస్ వదులుకున్నా ఎవరికీ తెలియదు.

కరెంటు సంగతి చాలామంది చివరికి వదిలేస్తారు, నా దృష్టిలో అది యాంటెనాల కన్నా ముఖ్యం. ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో ఫ్యాన్ ఆగదు, ఓఎన్‌టీ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, దానికి మార్చితే మార్పిడి వేగంగా జరుగుతుంది. కానీ ఆ మోడ్‌లో అది తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు. ఏసీలన్నీ నడిచే ఎండాకాలం రాత్రుళ్లు వోల్టేజీ దిగినప్పుడల్లా లైన్లో కరెంటు ఉండగానే బ్యాటరీ మీదికి పోతుంది, పొద్దున నిజంగా కోత పడేసరికి బ్యాటరీ ఖాళీ. అందుకే ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచి, ఓఎన్‌టీకీ రౌటర్‌కూ కలిపి ఒక 12 వోల్టుల మినీ యూపీఎస్, పై యూనిట్‌కు ఇంకో చిన్నది పెట్టాం. కొనేముందు అడాప్టర్ల మీద వోల్టులు సరిపోతాయో చూసి, ఆంపియర్లు కూడాలి: ఓఎన్‌టీ 1 ఆంపియర్, రౌటర్ 1.5, కాబట్టి మినీ యూపీఎస్ కనీసం 2.5 ఇవ్వాలి. పిన్ సైజు, మధ్యలో ప్లస్ గుర్తు సరిపోవాలి.

బ్యాకప్ లెక్కలో అమ్మేవాళ్లు గారడీ చేస్తారు. 8800 ఎంఏహెచ్ అని డబ్బా మీద ఉంటే దాన్ని 12తో కాదు, లోపలి సెల్ వోల్టేజీ 3.7తో గుణించాలి. సుమారు 32 వాట్ అవర్లు. వోల్టేజీ పెంచడంలో పోయేది పోగా 27. ఓఎన్‌టీ, రౌటర్ కలిసి 15 వాట్లు తింటే గంటా ముప్పావు. వెనక ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఇక్కడ అంత కూడా అక్కర్లేదు, మార్పిడి క్షణం దాటితే చాలు. ఇన్వర్టర్ లేని ఇంటికి మాత్రం ఈ లెక్క వేసే కొనాలి. వీధిలో కరెంటు పోయినప్పుడు ఇంట్లో అన్నీ వెలుగుతున్నా నెట్ రాకపోతే, స్తంభం మీది డబ్బా చూడండి. జీపాన్‌లో వీధిలో ఉండేది స్ప్లిట్టర్ (ఒక ఫైబర్ వెలుగును చాలా ఇళ్లకు పంచేది), దానికి కరెంటు అక్కర్లేదు. అక్కడ స్విచ్ పెట్టి రాగి తీగతో ఇంటికి ఇచ్చే పాత పద్ధతి అయితే ఆ స్విచ్‌కు కరెంటు లేక లైను పోతుంది. దానికి మన దగ్గర మందు లేదు, ఫైబర్ ఇంటిదాకా తెచ్చే కనెక్షన్‌కు మారడమే.

ఏప్రిల్, మే గాలివానల్లో పిడుగులు దగ్గర్లో పడితే బయట వేలాడే రాగి కేబుల్ ద్వారా పోర్టులు కాలతాయి. పార్కింగ్ కెమెరా కేబుల్‌ను అందుకే గోడ లోపలి పైపులోంచే దించాం. పక్క బిల్డింగుకు లైను ఇవ్వాల్సి వస్తే టెర్రస్‌ల మీదుగా క్యాట్ 6 వేయొద్దు. ఇనుప తీగ లేని ఫైబర్ ముక్క, రెండు కొసలకూ మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను ల్యాన్ పోర్టుగా మార్చే డబ్బాలు).

అంతా అయ్యాక పై మూల గదిలో మైనస్ 54, వంటగదిలో మైనస్ 58. పైనుంచి రౌటర్‌కు పింగ్ మూడు నుంచి ఆరు మిల్లీసెకన్లు. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీదికి వెళ్లనిచ్చి, మళ్లీ వేసి చూశాం, నడుస్తున్న వీడియో కాల్ తెగలేదు. కేబుళ్లకు రెండు కొసల్లోనూ ఒకే నంబరు స్టిక్కర్లు, రౌటర్ పక్కన గోడకు ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం: యూజర్‌నేమ్, వీల్యాన్, ఏ నంబరు కేబుల్ ఎక్కడికి వెళ్తుంది, ఏ యూనిట్ ఏ చానల్. పాస్‌వర్డ్‌లు మాత్రం ఇంటివాళ్ల డైరీలో. రౌటర్ వెనక రీసెట్ బటన్ మీద టేపు ముక్క అంటించాం, ఎందుకంటే నెట్ నెమ్మదించిందని ఫోన్ చేస్తే కాల్ సెంటర్ వాళ్లు మొట్టమొదట నొక్కమనేది దాన్నే.